తెప్ప మీది ఇనుము కంపాస్‌ని ఎంత తిప్పుతోందో మీరే కొలుచుకోవడం ఎలా

కళింగపట్నం నుంచో, భావనపాడు నుంచో, చింతపల్లి నుంచో వేటకి బయల్దేరే ఫైబర్ తెప్పని ఒకసారి గమనించండి. ఇంజను, లంగరు, బ్యాటరీ, వైర్‌లెస్ సెట్, కత్తులు, స్పానర్లు అన్నీ కంపాస్‌కి నాలుగైదు అడుగుల్లోనే ఉంటాయి. కంపాస్ భూమి అయస్కాంతాన్ని చూసి ఉత్తరం చెప్పాలి. పక్కనున్న ఇనుము కూడా దాన్ని తన వైపు లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళ మధ్య అది ఎక్కడ ఆగితే అదే మనకి ఉత్తరంగా కనిపిస్తుంది. ఆ తేడా ఎంతో కొలిచి ఒక కాగితం మీద రాసుకుంటే పాత కంపాస్ అయినా బాగా పనికొస్తుంది. కొలవకపోతే కొత్త కంపాస్ కొన్నా లాభం లేదు, ఎందుకంటే ఇనుము అక్కడే ఉంది.

జీపీఎస్ ఉంది కదా అనుకుంటారు. నిజమే, దాన్ని వాడండి. కానీ జీపీఎస్ మీరు ఎక్కడున్నారో, పడవ ఎటు కదులుతోందో చెబుతుంది. వల లాగుతూ ఆగి ఉన్నప్పుడు అణియం (పడవ ముందు కొస) ఎటు తిరిగి ఉందో చెప్పలేదు. ఉప్పునీరు తగిలినా, బ్యాటరీ దిగిపోయినా అదీ ఉండదు. వాన కమ్మేసి ఒడ్డు కనపడని గంటలో కరెంటు అవసరం లేకుండా పనిచేసేది కంపాస్ ఒక్కటే.

ఎంత నష్టమో ముందు లెక్క చూడండి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది కాబట్టి వేటకి సుమారుగా ఆగ్నేయానికి వెళ్తాం, వాయవ్యానికి తిరిగొస్తాం. మీ కంపాస్ ఆగ్నేయంలో 6 డిగ్రీలు తక్కువ, వాయవ్యంలో 6 డిగ్రీలు ఎక్కువ చూపుతోంది అనుకుందాం. కంపాస్ మీద ఆగ్నేయం, అంటే 135 పట్టి 30 కిలోమీటర్లు వెళ్తే నిజానికి మీరు 141లో వెళ్ళారు, అంటే అనుకున్న చోటికి మూడు కిలోమీటర్లు నైరుతిగా తేలారు. తిరుగు దారిలో కంపాస్ మీద వాయవ్యం, అంటే 315 పడితే నిజంగా వెళ్ళేది 309. మళ్ళీ మూడు కిలోమీటర్లు నైరుతికే. మొత్తం ఆరు కిలోమీటర్ల అవతల ఒడ్డు తగులుతుంది. వెళ్ళేటప్పటి తప్పు వచ్చేటప్పుడు సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. కంపాస్‌ని వంకరగా బిగించినందువల్ల వచ్చే తప్పు అలా సర్దుకుంటుంది. ఇనుము వల్ల వచ్చేది ఎక్కువగా రెట్టింపవుతుంది.

మొదటి పని: ఒడ్డున కంపాస్‌ని పరీక్షించండి

కంపాస్‌ని తెప్ప నుంచి విప్పి ఇసుక మీదకి తీసుకెళ్ళండి. డాబా మీదో సిమెంటు గట్టు మీదో వద్దు, స్లాబులో ఇనప ఊచలు ఉంటాయి. చెక్క పెట్టె మీద సమంగా పెట్టండి. ఫోను, తాళాలు, చేతి ఇనప కడియం, బెల్టు దూరంగా పెట్టి రండి. కార్డు (కంపాస్ లోపల తిరిగే అంకెల బిళ్ళ) నిలబడ్డాక అంకె చూసుకోండి. ఒక స్పానర్‌ని దగ్గరికి తెచ్చి కార్డుని 20, 30 డిగ్రీలు పక్కకి లాగి, స్పానర్‌ని చటుక్కున దూరంగా తీసేయండి. కార్డు ఊగి ఊగి మొదటి అంకెకే, ఒక డిగ్రీ అటూ ఇటుగా, రావాలి. ఇంకో వైపు నుంచి కూడా అలాగే చేయండి. ఒక్కోసారి ఒక్కో అంకె దగ్గర ఆగుతోంటే కార్డు నిలబడే మొన అరిగిపోయింది. ఆ కంపాస్‌కి ఎంత కొలిచినా ప్రయోజనం లేదు, మార్చాల్సిందే. లోపలి ద్రవంలో పెద్ద బుడగ ఉన్నా బాగు చేయించాకే ముందుకెళ్ళండి.

ఇసుక మీద ఉండగానే ఇంకో చిన్న పరీక్ష చేయండి. పిల్లల్ని కూడా పిలిచి చూపించండి, వాళ్ళకి ఇది జీవితాంతం గుర్తుంటుంది. మీటరు పొడవున్న ఇనప ఊచని ఉత్తర దక్షిణాలుగా, నేలకి సమంగా పట్టుకుని సుత్తితో పది పదిహేను దెబ్బలు కొట్టండి. తర్వాత ఒక కొసని కంపాస్‌కి తూర్పు పక్కగా దగ్గరికి తీసుకురండి, తర్వాత రెండో కొసని తీసుకురండి. ఒక కొస కార్డు ఉత్తర కొనని లాగుతుంది, రెండోది తోస్తుంది. దెబ్బలు తింటున్న ఇనుములోకి భూమి అయస్కాంతం ఎక్కేసింది. ఇదే ఊచని తూర్పు పడమరలుగా పెట్టి కొడితే ఆ గుణం చాలావరకు పోతుంది. ఊచని నిలువుగా పట్టుకోమని యూరప్ పుస్తకాల్లో రాస్తారు, ఎందుకంటే అక్కడ భూమి అయస్కాంత బలం చాలావరకు కిందికి దిగుతుంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర్లో ఉన్నాం కాబట్టి ఇక్కడ ఆ బలం ఎక్కువ భాగం నేలకి సమాంతరంగానే ఉంటుంది. బ్రిటన్ దగ్గర కంపాస్‌ని ఉత్తరానికి తిప్పే బలం సుమారు 19,000 నానోటెస్లాలైతే (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క ఇది), మన తీరంలో 40,000 దాకా ఉంటుంది. అందుకే ఒకే ఇంజను మన దగ్గర కంపాస్‌ని అక్కడ తిప్పినదాంట్లో సగమే తిప్పుతుంది. ఇది మనకి కలిసొచ్చిన విషయం. అయినా ఆ సగం కూడా ఆరు కిలోమీటర్ల తేడా తేవడానికి చాలు.

ఓడ కట్టేటప్పుడు జరిగేదీ ఈ సుత్తి పరీక్షే. ఉక్కు ఓడ దాన్ని కట్టే చోట నెలల తరబడి ఒకే దిక్కుకి తిరిగి ఉంటుంది. ఆ కాలమంతా దెబ్బలు, వెల్డింగు, కంపనం. విశాఖలో 1948 మార్చిలో నీళ్ళలోకి దిగిన జల ఉష అయినా, ఇవాళ దిగే ఓడ అయినా, ఏ దిక్కుకి తిరిగి పుట్టిందో దాని ఒంట్లో ముద్ర పడే ఉంటుంది. ఇలా స్థిరంగా నిలిచే అయస్కాంతం ఒక రకం. రెండో రకం మెత్తటి ఇనుముది. అది తనంతట అయస్కాంతం కాదు, కానీ భూమి అయస్కాంతంలో ఉన్నంతసేపు అలా ప్రవర్తిస్తుంది, ఓడ తిరిగినప్పుడల్లా తనూ మారుతుంది.

ఓడ ముక్కు తిరిగే కొద్దీ కంపాస్ తేడా మారుతోందని 1801లో ఇన్వెస్టిగేటర్ ఓడ మీద ఆస్ట్రేలియా తీరం చుట్టడానికి బయల్దేరిన మాథ్యూ ఫ్లిండర్స్ ఓపిగ్గా గమనించి రాశాడు. ఇనప ఓడలు వచ్చాక సమస్య ముదిరింది. 1838లో జార్జ్ ఎయిరీ రెయిన్‌బో అనే ఇనప ఓడ మీద కొలతలు తీసి, కంపాస్ పక్కన అయస్కాంతాలు, ఇనుము పెట్టి సరిచేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత కూడా 1854 జనవరిలో లివర్‌పూల్ నుంచి ఆస్ట్రేలియాకి బయల్దేరిన కొత్త ఇనప ఓడ టేలర్ రెండు రోజులకే ఐర్లండ్ పక్కన లాంబే దీవి రాళ్ళకి కొట్టుకుంది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. కంపాస్‌లు తప్పు దిక్కు చూపడం దానికి ఒక ముఖ్య కారణం. పెద్ద ఓడ కంపాస్‌కి రెండు పక్కలా గుమ్మడికాయల్లా కనపడే ఇనప గుండ్లు అందం కోసం పెట్టినవి కావు. మెత్తటి ఇనుము చేసే తేడాని అవి సరిచేస్తాయి.

రెండో పని: తెప్పలో దొంగ ఇనుమును పట్టుకోండి

కంపాస్‌ని తిరిగి దాని చోట బిగించండి. గిన్నె మీద పడవ ముందువైపు చూపే గీత ఒకటుంటుంది. అమరం (వెనక కొస) నుంచి అణియం దాకా పడవ నడిమధ్యన దారం లాగి కట్టి, ఆ గీత దారానికి సమాంతరంగా ఉండేలా చూడండి. ఇది వంకరగా ఉంటే అన్ని దిక్కుల్లోనూ ఒకే తేడా వస్తుంది.

తెప్ప ఇసుక మీద కదలకుండా ఉండగా ఒకరు కంపాస్ దగ్గర కూర్చోవాలి, ఇంకొకరు ఒక్కో వస్తువునీ దూరం నుంచి మెల్లగా తీసుకురావాలి. కార్డు కదలడం మొదలైన చోట ఆగి, ఆ దూరాన్ని సుద్దతో గీయండి. ఆ వస్తువుకి కనీసం దానికి రెట్టింపు దూరంలో శాశ్వతంగా చోటు చూపించండి. చిన్న అయస్కాంతం ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి అడుగు జరిపినా చాలా లాభం.

అన్నిటికంటే ముందు స్పీకర్లని చూడండి. వైర్‌లెస్ సెట్‌లో, పాటల పెట్టెలో, ఫోనులో అయస్కాంతం ఉంటుంది. ఫోను కవరు మూతలోనూ కొన్నిటికి ఉంటుంది. కంపాస్ పక్కనే ఫోను పెట్టి జీపీఎస్ చూసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. తర్వాత లంగరు, గొలుసు, కత్తులు, పనిముట్ల పెట్టె. ఇత్తడి, రాగి, అల్యూమినియం, ఫైబర్, ప్లాస్టిక్ డబ్బాలు ఏమీ చేయవు. స్టెయిన్‌లెస్ స్టీలు చాలా రకాల్లో లాగదు, కానీ వంచిన చోట, వెల్డింగు చేసిన చోట కాస్త లాగవచ్చు, అందుకని అదీ పరీక్షకి తేవాల్సిందే. ఇంజనుని ఎలాగూ జరపలేం. దానికి కంపాస్‌నే దూరంగా జరపాలి.

వైర్లని చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ నుంచి లైటుకి వెళ్ళే ఒంటి తీగలో 10 ఆంపియర్ల కరెంటు పోతూ, అది కంపాస్‌కి అడుగు కిందుగా ఉత్తర దక్షిణాలుగా సాగితే, కార్డు సుమారు 9 డిగ్రీలు తిరుగుతుంది. పగలు సరిగ్గా చూపిన కంపాస్ రాత్రి లైటు వేయగానే తప్పుతోందంటే కారణం ఇదే. పరీక్ష సులువు: ఒక్కో స్విచ్చి వేస్తూ తీస్తూ కార్డుని చూడండి. మందు కూడా సులువే: పోయే తీగని, వచ్చే తీగని కలిపి జడలా మెలిపెట్టేయండి. రెండిటి ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

ఈ పనంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో చేసుకోవచ్చు. తెప్ప ఒడ్డునే ఉంటుంది, తొందర ఉండదు. సముద్రంలో చేసే మూడో పని మాత్రం నిషేధం తీరాక, వేటకి దిగే ముందు పెట్టుకోండి.

మూడో పని: ఎనిమిది దిక్కులు తిప్పి చదవడం

గాలి లేని ఉదయం ఎంచుకోండి. వేటకి ఎలా వెళ్తారో అన్ని వస్తువులూ అలాగే, అవే చోట్ల ఉండాలి. ఇంజను నడుస్తూ ఉండాలి, లైటు వాడే తెప్పయితే ఒకసారి లైటు వేసి కూడా చదవాలి. కొబ్బరి ఈనె ఒకటి, కాస్త మైనం, కాగితం, పెన్ను చాలు. ఈనెని మూడు నాలుగు అంగుళాలకి విరిచి కంపాస్ గాజు నడిమధ్యన మైనంతో నిటారుగా నిలపండి.

సూర్యుడు నీటి మీదకి వచ్చి ఈనె నీడ కార్డు మీద స్పష్టంగా పడడం మొదలవగానే పని ఆరంభించండి. తెప్పని కంపాస్ ప్రకారం ఉత్తరానికి తిప్పి, నెమ్మదిగా తిన్నగా నడపండి. కార్డు ఊగడం తగ్గాక నీడ ఏ అంకె మీద పడిందో చదివి రాయండి. అలలకి ఊగుతోంటే నాలుగైదుసార్లు చదివి మధ్య అంకె తీసుకోండి. తర్వాత ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం, అలా ఎనిమిది దిక్కులూ. చివర మళ్ళీ ఉత్తరానికి వచ్చి ఇంకోసారి చదవండి. మొదటి ఉత్తరానికీ చివరి ఉత్తరానికీ మధ్య తేడా సూర్యుడు జరిగినది. మన దగ్గర ఉదయించేటప్పుడు సూర్యుడి దిక్కు గంటకి 5 డిగ్రీలకి కాస్త తక్కువగా మారుతుంది కాబట్టి 20 నిమిషాల్లో ముగిస్తే ఒకటిన్నర డిగ్రీ మించదు. దాన్ని దిక్కులన్నిటికీ కొంచెం కొంచెంగా పంచి సర్దండి.

ఎనిమిది అంకెలూ కూడి 8తో భాగించండి. తేడాలు ఒక వైపు ఎక్కువ, ఎదుటి వైపు తక్కువగా వస్తాయి కాబట్టి సగటులో కొట్టుకుపోయి నీడ అసలు దిక్కు మిగులుతుంది. ఉదాహరణకి ఉత్తరంలో 278, ఈశాన్యంలో 273, తూర్పులో 269, ఆగ్నేయంలో 269, దక్షిణంలో 272, నైరుతిలో 277, పడమరలో 281, వాయవ్యంలో 281 వచ్చాయనుకోండి. మొత్తం 2200, సగటు 275. అంటే వాయవ్యంలో కంపాస్ 6 ఎక్కువ చూపుతోంది, ఆగ్నేయంలో 6 తక్కువ చూపుతోంది. పైన చెప్పిన ఆరు కిలోమీటర్ల లెక్క ఈ తెప్పదే.

సగటు నిజమో కాదో సూర్యోదయం దిక్కుతో సరిచూసుకోవచ్చు. సూర్యుడు సరిగ్గా తూర్పున, 90లో, మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో మాత్రమే ఉదయిస్తాడు. మన అక్షాంశంలో ఏప్రిల్ 20కీ ఆగస్టు 23కీ 78లో, మే 21కీ జులై 23కీ 69లో, జూన్ 21కి 65లో ఉదయిస్తాడు. అటువైపు ఫిబ్రవరి 19కీ అక్టోబరు 23కీ 102, జనవరి 20కీ నవంబరు 22కీ 111, డిసెంబరు 21కి 115. ఏడాదిలో రెండుసార్లు ఒకే దిక్కులో ఉదయిస్తాడని శ్రీకాకుళం వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అరసవల్లిలో మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఇంకోసారి స్వామి పాదాల మీద కిరణాలు పడేది అందుకే. సూర్యుడు నీటి అంచు వదిలిన క్షణంలో ఉన్న దిక్కుకి 180 కలిపితే నీడ దిక్కు వస్తుంది. పైకి వచ్చే కొద్దీ దక్షిణానికి జరుగుతాడు కాబట్టి మీ సగటు రెండు మూడు డిగ్రీలు ఎక్కువగా ఉంటే కంగారు వద్దు. అంతకు మించి తేడా ఉంటే చదవడంలోనో కూడికలోనో తప్పు జరిగిందేమో చూసి, మళ్ళీ చదవండి. భూమి అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మన తీరంలో తేడా ఒక డిగ్రీ కూడా లేదు, దాన్ని వదిలేయవచ్చు.

మబ్బు పట్టి నీడ లేకపోతే దూరపు గుర్తుతో ఇదే పని చేయండి. బారువ, సోంపేట వైపు వాళ్ళకి మహేంద్రగిరి ఉంది. ఒడ్డుకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో నుంచి చూస్తే ఆ శిఖరం 30 కిలోమీటర్ల దూరం. మీరు 200 మీటర్లు అటూ ఇటూ జరిగినా దాని దిక్కు అర డిగ్రీ కూడా మారదు. వాన కురిసి తేరుకున్న మర్నాడు బాగా కనిపిస్తుంది. కళింగపట్నం, చింతపల్లి వాళ్ళు లైట్‌హౌస్‌ని వాడవచ్చు, కానీ కనీసం 10 కిలోమీటర్ల దూరం నుంచి, 100 మీటర్ల లోపు చుట్టులోనే తిరగాలి.

జీపీఎస్ చూపే దిక్కుతో పోల్చేయడం సులువు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. 6 నాట్ల (గంటకి సుమారు 11 కిలోమీటర్ల) వేగంతో వెళ్ళే తెప్పకి పక్క నుంచి 1 నాటు ప్రవాహం తగిలితే జీపీఎస్ దిక్కులోనే 9 డిగ్రీల తేడా వస్తుంది. మన తీరం వెంట నీరు వేసవి ముందు ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి పారుతుందని మీకు తెలుసు. అందుకే ఈ పనికి నేను జీపీఎస్‌ని నమ్మను.

నాలుగో పని: తేడాల కార్డు రాయడం, చదవడం

అట్ట ముక్క మీద రెండు వరుసలు చాలు: వెళ్ళాల్సిన దిక్కు, కంపాస్ మీద పట్టాల్సిన అంకె. పై తెప్పకి ఆగ్నేయం 135కి ఎదురుగా 129, వాయవ్యం 315కి ఎదురుగా 321. కలపడమా తీసేయడమా అనే టెన్షన్ రాత్రిపూట పడవ నడిపే సరంగుకి ఉండకూడదు, అందుకే పట్టాల్సిన అంకెనే రాయండి. తేదీ కూడా వేసి, లామినేషన్ చేయించి, కంపాస్ పక్కనే అతికించండి. ఆగ్నేయం, వాయవ్యం మన రోజువారీ దారులు కాబట్టి వాటికి అటూ ఇటూ ఉన్న దిక్కులు కూడా విడిగా చదివి చేరిస్తే ఇంకా మంచిది.

ఈ తేడాల కార్డు చూస్తే ఇనుము ఎక్కడుందో కూడా తెలుస్తుంది. తూర్పులో ఒకలా, పడమరలో దానికి సరిగ్గా ఎదురుగా పెద్ద తేడా ఉంటే లాగేది ముందో వెనకో ఉంది, ఎక్కువసార్లు అది ఇంజనే. ఉత్తర దక్షిణాల్లో అలా ఉంటే ఎడమ లేదా కుడి పక్కన ఏదో ఉంది. ఈశాన్యం, నైరుతుల్లో ఒకే వైపు, ఆగ్నేయం, వాయవ్యాల్లో రెండో వైపు తేడా ఉంటే అది మెత్తటి ఇనుము పని, ఉక్కు బోట్లలోనే ఎక్కువ.

తేడా 5 డిగ్రీల లోపుంటే కార్డుతో సరిపెట్టుకోండి, అయస్కాంతాల జోలికి పోవద్దు. అంతకు మించితే, కంపాస్‌లోనే సరిచేసే మరలు రెండు ఉన్నాయేమో చూడండి. ఇత్తడి స్క్రూడ్రైవరే వాడాలి. అసలు తూర్పుకి తిప్పి తూర్పు పడమర మర తిప్పుతూ తేడా సున్నా చేయండి. అసలు ఉత్తరానికి తిప్పి రెండో మరతో అలాగే. తర్వాత పడమరకి వెళ్ళి కనపడిన తేడాలో సగమే తీయండి, దక్షిణంలోనూ సగమే. ఆపైన ఎనిమిది దిక్కులూ మళ్ళీ చదివి కొత్త కార్డు రాయండి. మరలు లేని కంపాస్‌కి పాత స్పీకరు అయస్కాంతం అతికించి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. ఒక దిక్కులో సరిపోయినట్టు కనపడి ఇంకో దిక్కుని పాడుచేస్తుంది. ఉక్కు బోటు అయితే ఈ పనికి శిక్షణ ఉన్న కంపాస్ అడ్జస్టరే రావాలి.

ఇంజను మార్చినా, వెల్డింగు చేయించినా, పిడుగు దగ్గర్లో పడినా, కొత్త సెట్ బిగించినా పాత కార్డు చించేసి మళ్ళీ కొలవండి. నిషేధం రోజుల్లో రెండు నెలలు ఒకే దిక్కుకి తిరిగి కట్టేసి ఉన్న ఉక్కు బోటుకి కూడా ఇది తప్పదు.

మధ్యలో సందేహం వస్తే రాత్రిపూట ధ్రువ నక్షత్రం ఉంది. మన దగ్గర అది నీటి అంచుకి 18 డిగ్రీల ఎత్తులో, చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే దానికి కాస్త కిందుగా ఉంటుంది. అసలు ఉత్తరానికి ఒక డిగ్రీ కూడా తప్పదు. సప్తర్షి మండలం కిందికి దిగిపోయిన కాలంలో శర్మిష్ఠని (ఇంగ్లీషు W ఆకారంలో కనిపించే చుక్కల గుంపుని) పట్టుకుని వెతకండి. తెప్పని తిన్నగా దాని వైపు తిప్పి కంపాస్ అంకె చూడండి. తేడాల కార్డులో ఉత్తరానికి ఎదురుగా రాసిన అంకె రావాలి. రాకపోతే ఎవరైనా కత్తో, టార్చిలైటో కంపాస్ పక్కన పెట్టారేమో చూసి, తీసేసి, మళ్ళీ చదవండి.